కాదన్న ఒక్క ఓటు

2021 డిసెంబరు 19, ఆదివారం. వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ ఒక టీవీ కార్యక్రమంలో కూర్చుని, తన పార్టీవాడే అయిన అప్పటి అధ్యక్షుడు బైడెన్ పట్టుబట్టిన 'బిల్డ్ బ్యాక్ బెటర్' అనే సంక్షేమ ఖర్చుల బిల్లుకు ఓటేయలేనని చెప్పేశాడు. అప్పుడు సెనేట్‌లో రెండు పక్షాలకూ చెరి 50 ఓట్లు. ఒక్కరు తప్పుకుంటే బిల్లు గట్టెక్కదు. ధరలు మండుతున్నాయి, దేశం అప్పు 29 లక్షల కోట్ల డాలర్లకు చేరింది, ఇలాంటప్పుడు ఇంకా ఖర్చు పెట్టడం తగదు అన్నది ఆయన వాదన. నవంబరులో ధరల పెరుగుదల 6.8 శాతం. దాదాపు నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు.

ఈ తగాదాలో ఒక పక్షం తీసుకుని వ్యాసం రాయడం తేలికే. కానీ ఇరువైపులవాళ్లూ బీదవాళ్ల తరఫునే మాట్లాడుతున్నప్పుడు ఒక గొంతు చాలదు. అందుకే దీన్ని సంవాదంగా రాస్తున్నాను. ఇందులో బాబాయి 1970లలో గుంటూరులో డాక్టరీ చదివి అమెరికా వెళ్లి, వెస్ట్ వర్జీనియా దక్షిణాన బొగ్గు గనుల ఊళ్లలో ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ కొండల్లోకి రావడానికి అక్కడి డాక్టర్లే ఇష్టపడని రోజుల్లో వెళ్లి, ఆసుపత్రులను నిలబెట్టిన మనవాళ్లలాంటివాడు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. అదే రాష్ట్రంలో చార్లెస్టన్ దగ్గర ఒక బడిలో నర్సు. మాట్లాడుకుంటున్నది 2025 చివర్లో.

బాబాయి: నువ్వు మాంచిన్‌ను పిల్లల నోటి దగ్గర కూడు లాగేసినవాడిగా చూస్తావు. నేను నా పేషెంట్ల వైపు నుంచి చూస్తానమ్మా. గని కార్మికుడికి యూనియన్ పింఛను ఎంతొస్తుందో తెలుసా? సగటున నెలకు 600 డాలర్ల లోపే. ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛనును ధరలతోపాటు పెంచుతారు. 2022లో 5.9 శాతం, 2023లో 8.7 శాతం పెంచారు. గనివాడి యూనియన్ పింఛనుకు ఆ పెంపు లేదు. రిటైరైన నాడు ఎంతో ఇవాళా అంతే. 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతానికి వెళ్లింది. అంటే ఏడాదికి పన్నెండు నెలల పింఛనులో ఒక నెలది ఎవరో పట్టుకుపోయినట్టే. పన్ను వేయాలంటే సభలో ఓటింగు జరగాలి. దీనికి అదీ అక్కర్లేదు.

అమ్మాయి: ఆ బాధ కాదనడానికి నాకు నోరు రాదు బాబాయ్. కానీ ఆ ధరలు మాంచిన్ ఆపిన బిల్లు వల్ల పెరగలేదు. ఆ బిల్లు చట్టమే కాలేదు. ఆయన ఆపేశాక కూడా ధరలు ఆరు నెలలపాటు ఎక్కుతూనే పోయాయి కదా?

బాబాయి: అంతకు ముందు పెట్టిన ఖర్చు వల్ల. 2020 మార్చిలో 2.2 లక్షల కోట్లు. డిసెంబరులో మరో 90 వేల కోట్లు. 2021 మార్చిలో 1.9 లక్షల కోట్లు. మొదటి రెండిటినీ నేనూ సమర్థించాను, అప్పుడు జనం ఇళ్లలో చిక్కుకుపోయారు, దుకాణాలు మూతపడ్డాయి. మూడోది వచ్చేసరికి ఆర్థిక వ్యవస్థ లేచి నిలబడుతోంది. ఇది ఎక్కువైపోతుందని లారీ సమ్మర్స్ ఫిబ్రవరిలోనే పత్రికలో రాశాడు. ఆయనేమీ రిపబ్లికన్ కాదు, క్లింటన్ దగ్గర ఆర్థిక మంత్రిగా చేసినవాడు. ఎవరు విన్నారు? కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ పావెల్ ధరల పెరుగుదల 'తాత్కాలికం, తాత్కాలికం' అంటూ నవంబరు 30 దాకా నెట్టుకొచ్చి, అప్పుడు ఆ మాట మానుకుంటామన్నాడు. మాంచిన్ ఆగస్టులోనే ఆయనకు ఉత్తరం రాశాడు, డబ్బు పంపు కట్టేయండి అని.

అమ్మాయి: 1.9 లక్షల కోట్ల బిల్లుకు మాంచిన్ ఓటేశాడు కదా.

బాబాయి: వేశాడు. నిరుద్యోగ భృతి పెంపును వారానికి 300 డాలర్ల దగ్గర ఆపించి, ఆ తర్వాత వేశాడు. దాని ఫలితం కళ్లారా చూశాడు కాబట్టే రెండోసారి చేయి లేవలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎక్కువమందికి మాంచిన్ అంటే 'వద్దు' అన్న మనిషిగానే గుర్తు. కానీ ఆ ఏడాది జులై 28న ఆయన పార్టీ నాయకుడు షూమర్‌తో సంతకం పెట్టించుకున్న ఒక పేజీ ఒప్పందం ఉంది. సెప్టెంబరు చివర్లో బయటపడింది. అందులో తన హద్దు 1.5 లక్షల కోట్లు అని రాశాడు. కంపెనీల పన్ను 21 నుంచి 25 శాతానికి పెంచాలని, పెద్ద ఆదాయాల మీద పన్ను కూడా పెంచాలని రాశాడు. ఫెడరల్ రిజర్వ్ బాండ్లు కొనడం ఆపాకే కొత్త ఖర్చు మొదలవ్వాలని కూడా రాశాడు. లోటు గురించి మాట్లాడే ప్రజాప్రతినిధులు చాలామంది ఖర్చు తగ్గించాలంటారు గాని, పన్ను పెంచాలని కాగితం మీద పెట్టరు. ఈయన పెట్టాడు. అందుకు గౌరవించాలి.

అమ్మాయి: ఆ 1.9 లక్షల కోట్లలో చైల్డ్ టాక్స్ క్రెడిట్, అంటే పిల్లలున్న ఇళ్లకు ఇచ్చిన డబ్బు, ఒక చిన్న భాగం. మాంచిన్ ఆపిన బిల్లు దాన్నే పొడిగించేది. 2021 జులై నుంచి డిసెంబరు దాకా ఆరేళ్ల లోపు పిల్లకు నెలకు 300 డాలర్లు, ఆపైన పదిహేడేళ్ల దాకా 250. మన రాష్ట్రంలో నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు వర్తించింది. మా బడిలో శుక్రవారం సాయంత్రం కొందరు పిల్లల సంచీల్లో తిండి పొట్లాలు పెడతాం, శని ఆదివారాలు ఇంట్లో తినడానికి ఉండదని. ఆగస్టులో ఒకమ్మ వచ్చి, మా వాడికి ఇక పొట్లం వద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి అంది. కారుకు బ్రేకులు కూడా వేయించానంది. ఆ కారు నడిస్తేనే ఆమె ఉద్యోగం. జనవరి ముగిసేలోపే మళ్లీ వచ్చింది. నా మొహం చూడకుండా, వాడి పేరు తిరిగి రాయమంది.

బాబాయి: ...

అమ్మాయి: మా ఒక్క బడి సంగతే కాదిది. జనాభా లెక్కల శాఖ అన్ని సాయాలూ కలిపి కొలిచే పేదరికం లెక్క ప్రకారం, 2020లో పేద పిల్లలు 9.7 శాతం. ఈ డబ్బు వచ్చిన 2021లో 5.2. ఆగిపోయిన 2022లో 12.4. ఒక్క ఏడాదిలో రెండింతలు దాటింది. ఆ లెక్క మొదలుపెట్టాక ఏ ఒక్క ఏడాదీ అంత పెరగలేదు. ద్రవ్యోల్బణం బీదవాణ్ని ముందు కొడుతుందని మీరంటారు. నిజమే. కానీ దాన్ని ఆపుతామంటూ బీదవాడికి అందే డబ్బే ఆపారు. దెబ్బ రెండువైపులా వాడికే తగిలింది.

బాబాయి: ఆ లెక్క నాకూ గుచ్చుకుంటుంది. కానీ ఆ బిల్లు ఎలా తయారుచేశారో చూడు. పిల్లల డబ్బును ఒక్క ఏడాదికే పొడిగించినట్టు రాశారు. మరికొన్ని పథకాలు మూడేళ్లకు, ఆరేళ్లకు. పదేళ్ల పన్నులతో ఒకట్రెండేళ్ల ఖర్చును జతచేసి, చూశారా లెక్క సరిపోయింది అన్నారు. అన్నిటినీ పదేళ్లూ కొనసాగిస్తే లోటు ఇంకో 3 లక్షల కోట్లు పెరుగుతుందని డిసెంబరు 10న కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే తేల్చింది. ఏడాది తర్వాత పిల్లల డబ్బు ఆపే ధైర్యం ఎవరికుంటుంది? ఆపరని తెలిసే అలా రాశారు. అది తప్పుడు లెక్క తల్లీ. కొద్దిపాటి పనులే పెట్టుకోండి, పదేళ్లకూ నిధులు చూపించండి అన్నాడాయన. ఆ నెల మధ్యలో వైట్‌హౌస్‌కు 1.8 లక్షల కోట్లతో ఎదురు ప్రతిపాదన పంపాడని వార్తలొచ్చాయి. చిన్నపిల్లల బడికి పదేళ్ల నిధులు అందులో ఉన్నాయట.

అమ్మాయి: ఉన్నాయి. పిల్లల డబ్బు మాత్రం లేదు. మీరన్న మోసపు లెక్కకు నేను కూడా అడ్డుపడతాను, ఒప్పుకుంటున్నా. కానీ సవరించే దారి ఉండగా ఆ పథకాన్నే తీసి పక్కన పెట్టాడు. పైగా తల్లిదండ్రులు పనిచేస్తుంటేనే ఇవ్వాలన్నాడు. ఈ రాష్ట్రంలో ఆ షరతు ఎవరికి తగులుతుందో ఆయనకు తెలియదా? మత్తుమందులు మోతాదు మించి చనిపోయేవాళ్లు జనాభా లెక్కన అప్పట్లో దేశంలోకల్లా ఇక్కడే ఎక్కువ. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని అమ్మమ్మలూ తాతయ్యలూ సాకుతున్నారు. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, మీరు చెప్పిన ఆ 600 డాలర్ల పింఛనులో, ఇద్దరు మనవళ్లను పెంచుతుంటే ఆమెను 'ఉద్యోగం చేస్తున్నావా' అని అడుగుతారా?

బాబాయి: అడగకూడదు. అక్కడ ఆయన తప్పే.

అమ్మాయి: ఇంకొకటి. ఆ బిల్లు పదేళ్లకు 1.75 లక్షల కోట్లు. అంటే ఏడాదికి పదిహేడు వేల కోట్ల పైచిలుకు. అప్పటికి అమెరికా ఆర్థిక వ్యవస్థ ఏడాదికి 23 లక్షల కోట్లు. నూటికి ఒకటి కూడా కాదు, అందులోనూ కొంత పన్నులతో భర్తీ అయ్యేదే. అదే వారంలో, డిసెంబరు 15న, ఒక్క ఏడాదికి 77 వేల కోట్ల దాకా సైనిక బిల్లు సెనేట్‌లో 88–11 ఓట్లతో గట్టెక్కింది. మాంచిన్ అవునన్నాడు. దాన్ని పదేళ్లకు లెక్కేయండి. అప్పుడెవరూ 'ధరలు పెరుగుతాయేమో' అని అడగలేదు. పాలపొడి కొనుక్కునే తల్లి దగ్గరికొచ్చేసరికే ద్రవ్యోల్బణం గుర్తొస్తుంది.

నాకు ఈ మొత్తం వివాదంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే అనిపిస్తుంది. ఖర్చు ధరలను పెంచుతుందా అని అడగడం శాసనకర్త బాధ్యత. అడగకపోతే తప్పు. కానీ ఆ ప్రశ్నను ఒక బిల్లుకు వేసి, ఇంకో బిల్లుకు వేయకపోతే ఆర్థికశాస్త్రం అక్కడ ఆగిపోతుంది. మిగిలింది ఎవరి అవసరం మనకు అవసరంలా కనిపిస్తోందన్నదే. మాంచిన్ నిజాయితీగానే భయపడ్డాడని నేను నమ్ముతున్నాను. ఆ భయం అన్ని ఖాతాల మీదా సమానంగా పడలేదని కూడా నమ్ముతున్నాను.

బాబాయి: రక్షణ ఖర్చు సంగతి వేరనను. కానీ ధరల విషయంలో నువ్వు చేయి దులుపుకోకు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్తలు 2022 మార్చిలో ఒక అంచనా వేశారు. మిగతా ధనిక దేశాలకంటే అమెరికాలో ఎక్కువ పెరిగిన ధరల్లో సుమారు 3 శాతం పాయింట్ల మేరకు ఈ సాయాల ఖర్చే కారణం కావచ్చని.

అమ్మాయి: యూరప్ అంతగా ఖర్చు పెట్టలేదు. అక్కడ యూరో వాడే దేశాల్లో 2022 అక్టోబరులో 10.6 శాతానికి పోయింది, మనకంటే ఎక్కువ. ఓడలు రేవుల్లో ఆగిపోవడం, కార్లకు చిప్పులు దొరక్కపోవడం, రష్యా చేసిన యుద్ధం. వీటిని వదిలేసి ఒక తల్లికొచ్చిన 250 డాలర్లను ఎందుకు పట్టుకుంటారు?

బాబాయి: తేదీలు చూడమ్మా. యుద్ధం మొదలైంది 2022 ఫిబ్రవరిలో. యూరప్‌ను కాల్చింది రష్యా గ్యాస్. మన దగ్గర 2021 జూన్‌కే 5.4 శాతం, అప్పటికి యూరో వాడే దేశాల్లో రెండు శాతం కూడా లేదు. చిప్పుల కొరత వాళ్లకూ ఉంది, ఓడలు వాళ్లకూ ఆగాయి. మనకే ముందెందుకు రాజుకుంది?

అమ్మాయి: సరే, కొంత ఖర్చు వల్లే అనుకుందాం. అయినా సరుకు దొరకనప్పుడు ధర ఎలా లేస్తుందో మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది, అక్కడి ధరలు అదుపు చేయాలని. ఆ శని ఆదివారాలు అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి కోసం దుకాణాల ముందు బారులు తీరారు. ఇంటికొక బస్తాయే అని కాగితాలు అంటించారు. కొన్నిచోట్ల ధర రెండింతలు చెప్పారు. దానికి వాషింగ్టన్ ఎవరికి చెక్కు పంపిందని?

బాబాయి: అది ఒక్క సరుకు. కొన్నాళ్లకు సర్దుకుంది. ఒక సరుకు ధర లేవడం వేరు, అన్ని సరుకులూ, ఇంటద్దె, కూలీ, మంగలి షాపు రేటూ ఏకంగా లేవడం వేరు. రెండోది డబ్బు సంగతి. దాన్ని దించడానికి ఫెడరల్ రిజర్వ్ వడ్డీని సున్నా దగ్గర నుంచి 2023 జులైకి 5.25–5.5కి తీసుకుపోవాల్సొచ్చింది. మూడు శాతం వడ్డీకి దొరికిన ఇంటి అప్పు ఏడు దాటింది. ఆ భారం కూడా ఎవరో ఒకరు మోశారు కదా.

ఈ విడతలో బాబాయిదే పైచేయి. ఒక సరుకు ఖరీదెక్కడానికీ అన్నీ ఖరీదెక్కడానికీ ఉన్న తేడాను మరిచిపోయి మాట్లాడటం ఖర్చును సమర్థించేవాళ్లలో తరచూ కనిపించే లోపం. ఐతే ఆయన దగ్గర జవాబు లేని సంగతి ఒకటుంది. అమ్మాయి అక్కడికే వచ్చింది.

అమ్మాయి: బ్లాక్ లంగ్ నిధి గురించి నాకంటే మీకే బాగా తెలుసు.

బాబాయి: తెలియకేం. బొగ్గు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు రాయైపోయినవాళ్లకు, వాళ్ల కంపెనీ దివాలా తీస్తే, ఆ నిధి నుంచే నెలనెలా డబ్బు, మందులు, ఆక్సిజన్. ఎక్స్‌రేలో మొదట చిన్న చిన్న చుక్కలుంటాయి. పదేళ్లకు అవి కలిసిపోయి ముద్దలవుతాయి. యాభై ఏళ్లవాడు తన ఇంటి మెట్లు రెండు ఎక్కి కూర్చుండిపోతాడు. అలాంటివాళ్లను నేను ఎంతమందినో చూశాను.

అమ్మాయి: ఆ నిధికి డబ్బెక్కడిది? బొగ్గు మీద పన్ను. భూగర్భ గనిలో తీసిన టన్నుకు 1.10 డాలర్లు. ఆ రేటు గడువు 2021 డిసెంబరు 31. దాన్ని నాలుగేళ్లు పొడిగించే అంశం మాంచిన్ ఆపిన బిల్లులోనే ఉంది. బిల్లు ఆగింది. జనవరి 1 నుంచి పన్ను 50 సెంట్లకు పడిపోయింది. ఆ నిధి అప్పటికే ఖజానాకు వందల కోట్ల డాలర్లు బాకీ. వచ్చే పన్ను తగ్గితే ఏం చేస్తుంది? మళ్లీ ఖజానా దగ్గరే అప్పు తెస్తుంది. అంటే అప్పు భయంతో ఆపిన బిల్లు అప్పును పెంచింది, బొగ్గు కంపెనీలకు పన్ను తగ్గించింది. గని కార్మికుల యూనియన్ మాంచిన్ వద్దన్న మర్నాడే, డిసెంబరు 20న, పునరాలోచించమని ఆయన్ని అడిగింది. తన సొంత మనుషులు.

బాబాయి: ఆయన చిన్నాన్నో మామో 1968లో ఫార్మింగ్టన్ గని పేలుడులో పోయాడు. ఆ రోజు 78 మంది పోయారు. ఆ ఊరివాడే ఆయన. కార్మికుల పింఛను నిధి మునిగిపోతుంటే 2019లో పట్టుపట్టి కాపాడినవాడు కూడా ఆయనే. ఆయనకు పట్టలేదని మాత్రం అనకు.

అమ్మాయి: పట్టలేదనడం లేదు. ఖర్చు లెక్కేశాడు, ఆపడానికయ్యే ఖర్చు లెక్కేయలేదు అంటున్నాను.

బాబాయి: 2022 ఆగస్టులో సరిదిద్దాడుగా. జులై 13న 9.1 శాతం అంకె వచ్చింది. మర్నాడు మళ్లీ వెనక్కి తగ్గాడు. రెండు వారాల తర్వాత షూమర్‌తో కూర్చుని ఒప్పందం తెచ్చాడు. పెద్ద కంపెనీలకు కనీసం 15 శాతం పన్ను. వృద్ధుల మందుల ధరల మీద ప్రభుత్వం బేరమాడే హక్కు. వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకుండా కట్టడి. నీ బ్లాక్ లంగ్ పన్ను శాశ్వతమైంది. పైగా లోటు తగ్గించే లెక్కతో. ఆగితే మెరుగైన చట్టం వచ్చిందనడానికి ఇంకేం కావాలి?

అమ్మాయి: దాని పేరు ద్రవ్యోల్బణం తగ్గింపు చట్టం. ధరల మీద దాని ప్రభావం లేనట్టేనని బడ్జెట్ ఆఫీసే చెప్పింది. అయినా మంచి చట్టం, కాదనను. పిల్లల డబ్బు మాత్రం అందులోనూ లేదు. ఆ బ్లాక్ లంగ్ పన్ను కూడా అక్టోబరులో గాని పాత రేటుకు రాలేదు, తొమ్మిది నెలలు పోయాయి. గనివాళ్లకు కాస్త ఆలస్యంగానైనా దక్కింది. పిల్లలకు అదీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ ఏడాది మళ్లీ రాదు బాబాయ్.

బాబాయి: నిజమే. కానీ ఇప్పుడేమైందో చూశావా? మాంచిన్ మళ్లీ పోటీ చేయకుండా 2025 జనవరిలో దిగిపోయాడు. జులైలో కొత్త పన్నుల చట్టం వచ్చింది. పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్లు పెరుగుతుందని బడ్జెట్ ఆఫీసు అంచనా. మాంచిన్‌ను భయపెట్టిన బిల్లు మొత్తం ఖర్చుకు దాదాపు రెండింతలు. 2024లోనే అప్పు మీద వడ్డీ రక్షణ బడ్జెట్‌ను దాటిపోయింది. ఇప్పుడు ఎవరూ నోరెత్తరు.

అమ్మాయి: అందులో పిల్లల క్రెడిట్‌ను 2,200 డాలర్లకు పెంచామని చాటారు. మరీ తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు అది పూర్తిగా రాదు. మనవళ్లను సాకే ఆ అవ్వకు, సంపాదనే లేదు కాబట్టి, ఒక్క డాలరు రాదు. అంత అప్పు చేశారు, అయినా ఆమెకు చేరలేదు.

బాబాయి: సెనేట్‌లో అది 50–50 అయితే ఉపాధ్యక్షుడు వచ్చి గట్టెక్కించాడు. మాంచిన్ కుర్చీలో ఇప్పుడున్నాయన అవునన్నాడు. 2017లో పన్ను కోతలకు మాంచిన్ వద్దన్నాడు, అక్కడుండుంటే దీనికీ వద్దనేవాడనే నా నమ్మకం. అప్పుడు లెక్క 49–51. చట్టమే లేదు.

అమ్మాయి: అక్కడ మీతో ఒప్పుకుంటాను. ఆ వద్దు ఈ జులైలో కావాల్సింది. 2021 డిసెంబరులో కాదు.

బాబాయి: రెండుసార్లూ కావాలంటాను నేను. ఆ మొదటిసారి మాత్రం, పిల్లల డబ్బుకు పన్ను ఎక్కణ్నుంచి తేవాలో చెప్పి మరీ వద్దనాల్సింది.